నిలబడి చూసే జనానికి లెక్క: హిల్స్‌బరో నుంచి బండలాగుడు బరి దాకా

ఒంగోలు, కందుకూరు చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడితే, కుర్చీలు పెద్దమనుషులకే. మిగతా జనమంతా నిలబడే చూస్తారు. సరుగుడు బాదులు పాతి, వాటికి అడ్డంగా ఇంకో బాదు తాడుతో బిగించి, దాని వెనక జనాన్ని నిలుపుతారు. అక్కడ ఎంతమంది పడతారన్న లెక్క చాలాచోట్ల ఉండదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మైదానాలు ఈ లెక్క తప్పి నిలబడి చూడటాన్నే పోగొట్టుకున్నాయి. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి దాదాపు 28 ఏళ్లు పట్టింది.

అక్కడి పాత మైదానాల్లో గోల్ వెనక వరసగా సిమెంటు మెట్లుండేవి. జనం వాటిమీద కిక్కిరిసి నిలబడేవారు. 1946లో బోల్టన్‌లో 33 మంది, 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్ మైదానం మెట్లదారిలో 66 మంది నలిగి చనిపోయారు. ఐబ్రాక్స్ తర్వాత 1973లో గ్రీన్ గైడ్ అనే భద్రతా మార్గదర్శి, 1975లో చట్టం వచ్చాయి. అయినా 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో ఘోరం ఆగలేదు.

అక్కడ లివర్‌పూల్ అభిమానులు నిలబడే భాగానికి 10,100 టికెట్లు ఇచ్చారు. లోపలికి పోవడానికి ఉన్నవి ఏడు తిరుగుడు గేట్లు. గ్రీన్ గైడ్ ఇప్పుడు ఒక్కో గేటుకు గంటకు 660 మందిని మించి లెక్కకట్టనివ్వదు. ఆ లెక్కన అందరూ లోపలికి చేరడానికి రెండు గంటలు దాటుతుంది. బయట తోపులాట పెరగడంతో మధ్యాహ్నం 2.52కు పోలీసులు పక్కనున్న పెద్ద గేటు తెరిపించారు. జనం నేరుగా ఎదురుగా కనిపించే సొరంగంలోకి, అక్కడినుంచి, కంచెలతో అరలుగా విడదీసిన మెట్లమీద అప్పటికే నిండిపోయిన మధ్య అరల్లోకి వెళ్లారు. పక్క అరల్లో చోటుంది. సొరంగాన్ని మూసి, జనాన్ని అటు మళ్లించే మనిషే లేడు. ముందు ఎత్తైన ఇనుప కంచె, వెనక ఆగని తోపుడు. ఒక అడ్డుకమ్మీ విరిగింది. 3.06కు ఆట ఆపేటప్పటికి ఎంతోమంది ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడని స్థితిలో ఉన్నారు. మొత్తం 97 మంది పోయారు. తప్పు అభిమానులదేనని ఏళ్ల తరబడి ప్రచారం సాగింది. వాళ్ల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ తేల్చింది.

ఈ ఘోరంపై విచారణ జరిపిన జస్టిస్ టేలర్ 1990 జనవరి నివేదికలో నిలబడటమే ప్రమాదమని అనలేదు. అయినా కుర్చీలే మేలన్నారు. పై రెండు డివిజన్ల మైదానాల్లో అంతటా కుర్చీలు వేయడానికి 1994 ఆగస్టు గడువు పడింది. కంచెలు తీసేశారు, అది మంచి పనే. కానీ అభిమానులు కూర్చోలేదు, కుర్చీల ముందే నిలబడ్డారు. కుర్చీ వీపు మోకాలి దగ్గర తగులుతుంది కాబట్టి, గోల్ పడ్డప్పుడు ఒకరు తూలితే ముందు వరసమీదికి పడతారు. ఆ వరస దాని ముందు వరసమీద పడుతుంది. అంటే నిషేధం వల్ల నిలబడటం ఆగలేదు, పట్టుకోవడానికి కమ్మీ మాత్రం లేకుండా పోయింది.

జర్మనీ వాళ్లు నిలబడే చోట్లు వదులుకోలేదు. డోర్ట్‌మండ్ దక్షిణ స్టాండులో ఇప్పటికీ పాతిక వేలమంది దాకా నిలబడతారు. కుర్చీలు తప్పనిసరైన యూరప్ పోటీలకు మాత్రం 2022 దాకా అక్కడ కుర్చీలు వేసేవారు. 2016లో గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్ కమ్మీ కుర్చీలు పెట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 జనవరిలో చెల్సీ, మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, టోటెన్‌హమ్, కార్డిఫ్ మైదానాల్లో నిలబడి చూసే ప్రయోగం మొదలైంది. ఆ సీజన్ ముగిశాక షరతులతో మిగతా క్లబ్బులకూ దారి తెరుచుకుంది.

కమ్మీ కుర్చీల ఏర్పాటు తేలికే. ప్రతి వరసకూ నడుం పైదాకా వచ్చే ఇనుప కమ్మీ, దానికి మడిచే కుర్చీ. ఒక కుర్చీకి ఒక్కరే, ఒకరికి ఒక్క టికెట్టే. తూలినా కమ్మీ ఆపుతుంది, కాబట్టి పక్కవాళ్లమీద పడరు. నడవలు ఖాళీగా ఉంచాలి. అక్కడ ఇద్దరు నిలబడినా ఏర్పాటంతా దెబ్బతింటుంది.

కుర్చీల్లేని మెట్ల లెక్క వేరు. గ్రీన్ గైడ్ ప్రకారం ఎంత మంచి చోటైనా పది చదరపు మీటర్లకు 47 మందిని మించకూడదు. నేల, అడ్డుకమ్మీల స్థితికి సున్నా నుంచి ఒకటి దాకా ఒక అంకె, నిర్వహణకు ఇంకో అంకె వేసి, రెంటిలో తక్కువదానితో 47ను గుణిస్తారు. మన బరి పక్కన 30 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు చోటుంటే 120 చదరపు మీటర్లు, అంటే గరిష్ఠంగా 564 మంది. తాడు ముడులమీద ఆధారపడ్డ బాదులకు, ఎగుడుదిగుడు నేలకు సగం వేయడమే ఎక్కువ. అంటే 282 మంది. ఒక్క ముడి జారితే బాదు మొత్తం పడిపోతుంది. అందుకే ప్రతి రెండు గుంజల మధ్యా విడి బాదు కట్టాలి.

బయటికి పోయే దారి లెక్క కూడా ఇలాగే. చదును నేలమీద మీటరు వెడల్పున నిమిషానికి 82 మంది, మెట్లమీద 66 మంది దాటగలరు. లోపలికి వచ్చే గేట్లు, నిలబడే చోటు, బయటి దారి, ప్రమాదవేళ అందరూ ఖాళీ చేసే దారి, ఈ నాలుగింటి లెక్కల్లో చిన్నదే ఆ చోటి సామర్థ్యం. 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్‌షోలో 8 మంది చనిపోయారు. ఇరుకు వీధిలో తోపులాటకు జనం పక్కనున్న మురుగు కాలవలో పడ్డారు. కాలవవైపు తెరిచి ఉన్న అంచును దారిగా లెక్కపెట్టకూడదు, దానికి అడ్డు కట్టాలి.

హిల్స్‌బరో తర్వాత ఇంగ్లండ్ కంచెలు తీసింది జనం మైదానంలోకి దిగి ప్రాణం కాపాడుకోవడానికి. మన బరిలో ఎద్దులు, బండ ఉంటాయి కాబట్టి ఆ దారి లేదు. ఖాళీ దారి వెనకనుంచి, పక్కలనుంచే ఉండాలి. అక్కడ బండ్లు ఆపనివ్వకూడదు, తాళం వేయకూడదు, పోటీ అయ్యేదాకా ఒక మనిషి అక్కడే నిలబడాలి.