ఏఎఫ్‌కే అరీనాలో టీమ్ పేర్చడం: అపోహలు - వాస్తవాలు

2019లో లిలిత్ గేమ్స్ తెచ్చిన మొబైల్ గేమ్ ఏఎఫ్‌కే అరీనాలో మన ఐదుగురు హీరోల పోరు దానంతట అదే సాగిపోతుంది. ముందు వరుసలో ఇద్దరు, వెనక ముగ్గురు, 90 సెకన్ల టైమ్. బటన్ నొక్కాక మన చేతిలో ఉండేది అల్టిమేట్ (హీరో ప్రధాన స్కిల్) ఎప్పుడు వేయాలన్నదొక్కటే. అందుకే ఈ ఆటలో చాలా ఓటములు ఫైట్ మొదలుకాకముందే ఖాయమైపోతాయి. కారణం వెతికితే దాదాపు ప్రతిసారీ ఈ అపోహల్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

అపోహ: పవర్ ఎక్కువున్న ఐదుగురిని దింపితే చాలు.

వాస్తవం: పవర్ అంకెలో లెవెల్, గేర్, ర్యాంకు అన్నీ కలిసి ఉంటాయి. ఎవరి స్కిల్ ఎవరికి పనికొస్తుందో ఆ అంకె చెప్పదు. తమకంటే వంద లెవెల్స్ పైనున్న శత్రువులను కూడా ఓడించే టీమ్‌లు క్యాంపెయిన్‌లో (ఆట ప్రధాన స్టేజ్‌ల వరుసలో) మామూలే. వాటిని నిలబెట్టేది ఎనర్జీ లెక్క.

అల్టిమేట్ వేయాలంటే 1000 ఎనర్జీ కావాలి. కొట్టినా, దెబ్బ తిన్నా, శత్రువును పడగొట్టినా అది పెరుగుతుంది. టీమ్ పేర్చేటప్పుడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: మన క్యారీ (డామేజ్ భారం మోసే ప్రధాన హీరో) మొదటి అల్టిమేట్ దాకా బతుకుతుందా? షెమీరానే తీసుకోండి. ఆమె అల్టిమేట్ శత్రువులందరికీ తగులుతుంది, ఆ డామేజ్‌తో తన హెల్త్ కూడా నింపుకుంటుంది. అది మొదలైతే ఆమెను పడగొట్టడం కష్టం. మొదలయ్యేదాకా మాత్రం రెండు దెబ్బలకు పోయే హీరోయే. కాబట్టి మిగతా నలుగురినీ ఆ మొదటి కొన్ని సెకన్ల కోసమే ఎంచుకోవాలి. ముందు వరుసలో లూషియస్ షీల్డ్ ఇస్తాడు. పక్కన బ్రూటస్, హెల్త్ అడుగంటాక కూడా కొన్ని సెకన్లు చావకుండా నిలబడతాడు. వెనక మధ్యలో షెమీరా. ఒక పక్క ఎనర్జీ పోషన్లు విసిరే రోవన్, ఇంకో పక్క టీమ్ మొత్తానికి ఎనర్జీ అందించే లైకా. వీళ్లలో డామేజ్ కోసం పెట్టింది ఒక్క షెమీరానే. అయినా ఆట తొలి, మధ్య దశల్లో ఈ అమరిక గట్టిగా పనిచేస్తుంది. ఇద్దరు ముగ్గురు క్యారీలను కలిపి పెడితే పవర్ అంకె పెరుగుతుంది గానీ, ఎవరికీ ఎనర్జీ టైమ్‌కి నిండదు.

ఓడిన వెంటనే బ్యాటిల్ గణాంకాలు తెరవండి. క్యారీ అల్టిమేట్ వేయకుండానే పోయిందా? అయితే లోపం ముందు వరుసలోనో, నిలబెట్టిన స్థానంలోనో ఉంది. అల్టిమేట్ వేసినా శత్రువులు కూలలేదా? క్యారీకి లెవెల్ గానీ గేర్ గానీ చాలడం లేదు. అందరూ బతికే ఉండగా 90 సెకన్లు అయిపోయాయా? హీలర్లు ఎక్కువయ్యారు, ఒకరిని తీసేయండి. క్యాంపెయిన్‌లో టైమ్ అయిపోయినా ఓటమే. ఈ మూడు ఓటములకూ మందు వేర్వేరు. ఏది జరిగిందో చూడకుండా హీరోలను మార్చుకుంటూ పోతే రోజంతా అక్కడే గడిచిపోతుంది.

అపోహ: ఐదుగురూ ఒకే ఫ్యాక్షన్ (హీరోల వర్గం) అయి తీరాలి.

వాస్తవం: పైన చెప్పిన షెమీరా టీమ్‌కి ఫ్యాక్షన్ బోనస్ సున్నా. ఒకే ఫ్యాక్షన్ నుంచి ముగ్గురుంటే అటాక్, హెల్త్ 10 శాతం పెరుగుతాయి. ముగ్గురు ఒక ఫ్యాక్షన్, ఇద్దరు ఇంకో ఫ్యాక్షన్ అయితే 15 శాతం. ఐదుగురూ ఒకటే అయితే 25 శాతం. అంటే 3+2 నుంచి ఐదుకి వెళ్తే అదనంగా దక్కేది 10 శాతమే. దానికోసం మీ ఒకే ఒక్క ఎనర్జీ సపోర్ట్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టడం దండగ. సెలెస్టియల్ హీరోలు ఏ ఫ్యాక్షన్‌తోనైనా లెక్కలోకి వస్తారు కాబట్టి, ఒక్కరున్నా 3+2 సులువుగా కుదురుతుంది.

శత్రువు ఫ్యాక్షన్ మీద ఆధిక్యం వేరే లెక్క. లైట్‌బేరర్లకు మౌలర్ల మీద, మౌలర్లకు వైల్డర్ల మీద, వైల్డర్లకు గ్రేవ్‌బార్న్ మీద, గ్రేవ్‌బార్న్‌కి లైట్‌బేరర్ల మీద 25 శాతం అదనపు డామేజ్ ఉంటుంది. క్యారీని ఎంచుకునేటప్పుడు దీన్ని తప్పకుండా చూడాలి. సపోర్ట్‌ల విషయంలో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, వాళ్లను పెట్టింది డామేజ్ కోసం కాదు కదా.

అపోహ: దెబ్బలు కాచే ట్యాంకులు ముందు, మిగతావాళ్లు వెనక, అంతే.

వాస్తవం: ఐదు స్థానాల్లో ఐదుగురిని 120 రకాలుగా నిలబెట్టొచ్చు. ఎదుటి టీమ్ ముందే కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ గుడ్డిగా ఆడాల్సిన పనే లేదు. అథాలియా, సిల్వీనా లాంటివాళ్లు ఫైట్ మొదలవగానే తమకు ఎదురు స్థానంలో ఉన్న హీరో మీదికి దూకుతారు. శత్రు టీమ్‌లో అథాలియా వెనక వరుస మధ్యలో ఉందనుకోండి. మీ షెమీరా కూడా అక్కడే ఉంటే అల్టిమేట్ చూడకుండానే పోతుంది. ఆ స్థానంలోకి బ్రూటస్‌ని పంపి షెమీరాను పక్కకి జరపండి. కొత్త లెవెల్స్ అక్కర్లేదు, ఖర్చూ లేదు, అదే టీమ్‌తో స్టేజ్ దాటొచ్చు. ట్యాంకును వెనక నిలబెట్టడానికి మనసొప్పక ఆగిపోయేవాళ్లు చాలామంది ఉన్నారు.

క్రిటికల్స్, తప్పించుకునే దెబ్బలు ప్రతి ఫైట్‌లోనూ మారతాయి. క్యాంపెయిన్‌లో ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు కూడా. కానీ అదే అమరికతో మళ్లీ మళ్లీ కొట్టడం కంటే, స్థానాలు మార్చి కొడితే త్వరగా దారి దొరుకుతుంది.

అపోహ: హీరోలందరినీ సమానంగా పెంచాలి.

వాస్తవం: లెవెల్స్‌ని మిగతా హీరోలకూ పంచే రెసొనేటింగ్ క్రిస్టల్ తెరుచుకున్నాక లెవెల్స్ ఐదుగురికే పెట్టాలి. వాళ్లలో అందరికంటే తక్కువ లెవెల్ ఎవరిదో, క్రిస్టల్‌లో ఉంచిన మిగతా హీరోలందరికీ ఆ లెవెలే వస్తుంది. నలుగురు 160లో, ఒకరు 101లో ఉంటే మిగతావాళ్లంతా 101 దగ్గరే ఆగుతారు. ఆ అయిదో హీరోని ముందు పైకి తీసుకురండి. ఐదుగురూ 240 చేరాక నేరుగా క్రిస్టల్‌కే లెవెల్ పెంచుకోవచ్చు. క్రిస్టల్ రాకముందు వేరే హీరోలకు లెవెల్స్ పోసి ఉంటే కొద్ది డైమండ్లతో రీసెట్ చేసి వెనక్కి తీసుకోండి.

హీరో ర్యాంకు పెంచే అసెన్షన్‌లో మాత్రం పొదుపు తప్పదు. నాలుగు ప్రధాన ఫ్యాక్షన్ల హీరో అసెండెడ్ ర్యాంకుకి వెళ్లాలంటే అదే హీరో ఎలైట్ ర్యాంకు కాపీలు 8 కావాలి. సెలెస్టియల్, హైపోజియన్ హీరోలకైతే 14. నాలుగు ప్రధాన ఫ్యాక్షన్ల హీరోలకు అదే ఫ్యాక్షన్ నుంచి ఫాడర్ (ర్యాంకు పెంచడానికి కరిగించే హీరోలు) కూడా పడుతుంది. ఫాడర్‌గా వేసే ముందు ఆ హీరో రేపు మీకు పనికొస్తాడేమో చూసుకోండి. ఆ హీరోకే ప్రత్యేకమైన సిగ్నేచర్ ఐటెమ్ మిథిక్ ర్యాంకులో తెరుచుకుంటుంది. దాని +10, +20, +30 మెట్లలో ఏది స్కిల్ స్వభావాన్నే మారుస్తుందో, ఏది అంకెలు మాత్రమే పెంచుతుందో చదివి, అసలు మార్పు వచ్చే మెట్టు దగ్గర ఆగండి.

అపోహ: పై స్థాయి ఆటగాళ్ల టీమ్‌ని దించేస్తే స్టేజ్ దాటేస్తాం.

వాస్తవం: స్టేజ్ రికార్డుల్లో కనిపించే ఐదుగురు మీ దగ్గరా ఉండొచ్చు. వాళ్ల హీరోకి సిగ్నేచర్ +30, ఫర్నిచర్ 9/9 (హీరో ఫర్నిచర్ తొమ్మిదీ పూర్తిగా) ఉండి, మీ హీరోకి అవి లేకపోతే పేరు ఒకటే గానీ పని ఒకటి కాదు. మీ లెవెల్‌కి దగ్గరగా ఉన్నవాళ్ల రికార్డు వెతకండి. హీరోల పేర్ల కంటే వాళ్లను నిలబెట్టిన స్థానాలను ఎక్కువ గమనించండి.

అపోహ: ఆటో ఆన్‌లో ఉంటే ఆటే చూసుకుంటుంది.

వాస్తవం: ఎనర్జీ నిండగానే ఆటో అల్టిమేట్ వదిలేస్తుంది. అందరి హెల్త్ నిండుగా ఉన్నా సరే, నెమోరా హీలింగ్ ఆ క్షణమే ఖర్చయిపోతుంది. తృటిలో ఓడుతున్న స్టేజ్‌లో ఆటో ఆపి, నెమోరా అల్టిమేట్‌ని శత్రువు పెద్ద దెబ్బ పడేదాకా పట్టి ఉంచండి.

అపోహ: ఒక్క మంచి టీమ్ ఉంటే అన్నిచోట్లా నెగ్గుకురావచ్చు.

వాస్తవం: ఫ్యాక్షన్ టవర్లలోకి ఆ ఫ్యాక్షన్ హీరోలనే రానిస్తారు. గిల్డ్ బాస్‌ల మీద స్టన్, స్లీప్ లాంటివి పనిచేయవు, అక్కడ లెక్కలోకి వచ్చేది డామేజ్ మొత్తమే. పై చాప్టర్లలో ఒకే స్టేజ్‌లో వరుసగా రెండు మూడు శత్రు టీమ్‌లను ఓడించాలి, ఒక టీమ్‌లో వాడిన హీరో ఇంకో టీమ్‌కి రాడు. అక్కడికి చేరేలోపే రెండో క్యారీని, రెండో ట్యాంకును సిద్ధం చేసుకోండి. రోవన్‌ని ఒక టీమ్‌కి, లైకాని ఇంకో టీమ్‌కి పంచండి. ముందు కష్టమైన శత్రు టీమ్‌కి సరిపడే ఐదుగురిని ఖాయం చేసి, మిగిలినవాళ్లతో తేలికైన టీమ్ సంగతి చూసుకోవాలి.