వైరస్ ఉందంటూ వచ్చే ఫోన్: డబ్బు దారి మారినప్పుడల్లా వేషం మార్చిన మోసం

కంప్యూటర్‌లో వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజే ఈ మోసానికి మొదట్లో ఫోన్‌తో పనే లేదు. 2000ల మధ్యకాలంలో విన్‌ఫిక్సర్, ఎర్రర్‌సేఫ్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో నకిలీ సాఫ్ట్‌వేర్ వచ్చేది. తెర మీద స్కాన్ నడుస్తున్నట్టు ఒక బొమ్మ కదిలేది. ఒక్క ఫైలూ తెరవకుండానే వైరస్‌ల చిట్టా చూపించి, వాటిని తీసేయడానికి దాదాపు 40 డాలర్లు కార్డుతో కట్టమనేది. అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008 డిసెంబరులో వీటి వెనకున్న ఇన్నోవేటివ్ మార్కెటింగ్ సంస్థను కోర్టుకు లాగింది. తర్వాత పడిన తీర్పు 16.3 కోట్ల డాలర్లు. 2011 జూన్‌లో ఎఫ్‌బీఐ, ఇతర దేశాల పోలీసులు కలిసి 7.2 కోట్ల డాలర్లు దండుకున్న మరో ముఠాను పట్టుకున్నారు. కార్డు కంపెనీలూ ఇలాంటి అమ్మకాలకు చెల్లింపులు ఆపేయడంతో ఆ దారి ఇరుకైపోయింది.

ఫోన్ దారి అప్పటికే తెరుచుకుంది. 2008 ప్రాంతం నుంచి కోల్‌కతా తదితర నగరాల కాల్ సెంటర్లు ‘మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అంటూ బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాయి. ఇంగ్లిష్ మాట్లాడే ఉద్యోగులు, చౌక ఇంటర్నెట్ కాల్స్, కావాల్సిన నంబరు కనిపించేలా చేసే వీలు, దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ అన్నీ ఒక్కచోట దొరికాయి.

వాళ్లు ‘రుజువు’గా చూపించేవి ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా ఉండేవే. విండోస్ తనలో జరిగేవి రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఎర్ర, పసుపు గుర్తులు వందల్లో కనిపిస్తాయి. ఏదో సర్వీసు ఆలస్యంగా మొదలైనా అక్కడ ఒక వరుస పడుతుంది, కొత్త కంప్యూటర్‌లోనూ అంతే. ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘అసోక్’ (assoc) అని కొట్టించి, 888డీసీఏ60తో మొదలయ్యే పొడవాటి సంఖ్యను ‘మీ కంప్యూటర్ లైసెన్సు నంబరు, మా రికార్డులో ఉంది చూడండి’ అని చదివి వినిపించేవారు. ఆ సంఖ్య అందరి విండోస్‌లోనూ ఒకటే. నిజానికి ఈ మోసంలో అన్నింటికంటే తెలివైన ముక్క ఇదే. కంప్యూటర్ కనెక్షన్లు చూపే ‘నెట్‌స్టాట్’ ఆదేశం కొడితే ‘ఫారిన్ అడ్రస్’ అని వచ్చే వరుసలను విదేశీ హ్యాకర్లుగా చూపేవారు. అవి మన బ్రౌజర్ మాట్లాడుతున్న సర్వర్లు, అంతే. డబ్బు కట్టనంటే విండోస్‌లోనే ఉండే ‘సిస్‌కీ’ అనే పనిముట్టుతో పాస్‌వర్డ్ పెట్టి కంప్యూటర్‌కు తాళం వేసేవారు. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10 నుంచి ఆ పనిముట్టునే తీసేసింది.

2012 అక్టోబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి ఆరు ముఠాల మీద కేసులు పెట్టి ఆస్తులు స్తంభింపజేయించింది. దాంతో కాల్స్ ఆగలేదు గానీ పద్ధతి తిరగబడింది. కంప్యూటర్ తెరను ఆక్రమించి ఒక నంబరు చూపే వెబ్ పేజీలు పెరిగాయి. ముఠాకు ఇదే లాభసాటి, ఎందుకంటే తనంతట తాను ఫోన్ చేసేవాడు అప్పటికే భయపడి ఉంటాడు. సెర్చ్‌లో టెక్ సపోర్ట్ ప్రకటనలిచ్చి జనాన్ని రప్పించే దారిని బింగ్ 2016లో, గూగుల్ 2018లో మూసే ప్రయత్నం చేశాయి.

ఆ పేజీ వైరస్ కాదు, ఫుల్‌స్క్రీన్‌లో తెరుచుకున్న మామూలు వెబ్ పేజీ. ఎస్కేప్ మీటను రెండు మూడు సెకన్లు నొక్కిపట్టాలి. వదలకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కండి. దాన్ని అడ్డుకోవడం ఏ వెబ్ పేజీ వల్లా కాదు. అక్కడ కనిపించే టాస్క్ మేనేజర్‌ను తెరిచి, అందులో బ్రౌజర్‌ను ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ ఇవ్వాలి. మళ్లీ తెరిచినప్పుడు ‘రీస్టోర్’ నొక్కితే అదే పేజీ తిరిగొస్తుంది. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు.

తర్వాత వచ్చిన వేషం ‘రీఫండ్’. సపోర్ట్ కోసం కట్టిన 300 డాలర్లు వెనక్కి ఇస్తామని బ్యాంకు పేజీ తెరిపిస్తారు. తెర నల్లబరిచి, బాధితుడి పొదుపు ఖాతాలోని డబ్బునే రెండో ఖాతాలోకి మారుస్తారు, లేదా బ్రౌజర్‌లో అంకెలు దిద్దుతారు. ‘పొరపాటున 3,000 వేశాం, నా ఉద్యోగం పోతుంది’ అని ఏడుపు అందుకుంటారు. తేడా మొత్తాన్ని గిఫ్ట్ కార్డుల్లో అడుగుతారు, ఎందుకంటే గీసి నంబరు చెప్పాక దాన్ని వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. ఈమధ్య అయితే నగదు, బంగారం తీసుకెళ్లడానికి ఇంటికే మనిషిని పంపుతున్నారు. అమెరికాలో ఆ పనికి వెళ్లి భారతీయ విద్యార్థులూ అరెస్టయ్యారు. ఎఫ్‌బీఐకి అందిన ఇలాంటి టెక్ సపోర్ట్ మోసాల ఫిర్యాదుల్లో నష్టం 2023లో 92.4 కోట్ల డాలర్లు, 2024లో 146 కోట్లు.

కాల్ సెంటర్లు మన దగ్గరా బయటపడ్డాయి. 2025లో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో అమెరికన్లకు వల వేసినవాటిని పోలీసులు పట్టుకున్నారు. మనవాళ్లకు తగిలే రకం వేరు: కస్టమర్ కేర్ పేరుతో దూరం నుంచి ఫోన్ నడిపే ఎనీడెస్క్ యాప్ పెట్టించి, అందులో కనిపించే కోడ్ చెప్పించుకుని, యూపీఐ ఖాళీ చేయడం. దీని మీద రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

కోడ్ చెప్పేశారా? ముందు వైఫై, డేటా ఆపండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇక్కడ నిమిషాలు లెక్కలోకి వస్తాయి. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలో తెచ్చిన నియమం ప్రకారం, మీ అజాగ్రత్త వల్ల పోయినా, ఫిర్యాదు చేశాక పోయే సొమ్ముకు బాధ్యత బ్యాంకుదే. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ వేరే పరికరం నుంచి మార్చండి. ఈమెయిల్‌లో ఆటో ఫార్వర్డింగ్ పెట్టారేమో, నెట్ బ్యాంకింగ్‌లో కొత్త బెనిఫిషియరీ చేరాడేమో చూడండి. రిమోట్ యాప్ కిటికీ మూసేస్తే చాలదు. చాలాసార్లు వాళ్లు అందులో సొంత పాస్‌వర్డ్ పెట్టి వెళ్తారు. కంప్యూటర్ మళ్లీ ఆన్ కాగానే మీరు ఒప్పుకోకుండానే లోపలికి రాగలరు. కాబట్టి దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, విండోస్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాకే నెట్ కలపండి.