ఒక మిస్డ్ కాల్, పాతికేళ్ల తగువు

ఫోన్‌లో బ్యాలెన్స్ అడుగంటినప్పుడు మిస్డ్ కాల్ ఇచ్చి, అవతలివాళ్లు తిరిగి చేసేదాకా ఎదురుచూసిన రోజులు మనలో చాలామందికి గుర్తే. మరి మిస్డ్ కాల్‌కు కూడా బ్యాలెన్స్ లేకపోతే? 2000 నవంబరులో దక్షిణాఫ్రికాలో న్కోసానా మకాటే అనే కుర్రాడికి ఈ చిక్కే వచ్చింది. అతను వోడాకామ్ అనే మొబైల్ ఫోన్ కంపెనీలో ట్రైనీ అకౌంటెంట్. ప్రేమించిన అమ్మాయి దూరాన చదువుకుంటోంది, ఫోన్ చేద్దామంటే చేతిలో డబ్బులుండవు. బ్యాలెన్స్ సున్నా అయినా 'నాకు ఫోన్ చెయ్యి' అని ఓ సంకేతం పంపే వీలుంటే బాగుండునని మకాటే కాగితం మీద రాసి పై అధికారికి చెప్పాడు. విషయం కొత్త సర్వీసులు చూసే డైరెక్టర్ ఫిలిప్ గైస్లర్ దాకా వెళ్లింది.

ఇద్దరి మధ్య నోటిమాటగా ఒప్పందం కుదిరింది. సర్వీసు లాభసాటిగా నడిస్తే మకాటేకు ఆదాయంలో వాటా. అతను 15 శాతం అడిగాడు. అంకె దగ్గర తేడా వస్తే సీఈఓ తేలుస్తారని గైస్లర్ అన్నాడు. ఆ ఒక్క మాటే తర్వాత కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. 2001 మొదట్లో 'ప్లీజ్ కాల్ మీ' పేరుతో ఆ సర్వీసు వచ్చింది, జనం ఎగబడ్డారు. సంస్థ లోపలి పత్రిక మకాటేకు ధన్యవాదాలు చెప్పింది. డబ్బు మాత్రం ఇవ్వలేదు.

ఆవిష్కర్త మేధోహక్కుల పోరాటమని ఈ కేసును చాలామంది చెప్పుకుంటారు. నిజానికి మకాటే చేతిలో ఏ మేధోహక్కూ లేదు. వట్టి ఆలోచనకు కాపీరైట్ రాదు. దక్షిణాఫ్రికా 1978 పేటెంట్ చట్టం వ్యాపార పద్ధతులను, కంప్యూటర్ ప్రోగ్రాములను వాటి మటుకు వాటిని ఆవిష్కరణలుగా లెక్కించదు. పేటెంటు వేయాలంటే లాయరు, ఫీజు, ముందుగా ఎవరికీ చెప్పని రహస్యం కావాలి. ట్రైనీ ఉద్యోగికి అవెక్కడివి? విచిత్రమేమిటంటే, ఇలాంటి సర్వీసుకే 2001 జనవరిలో పేటెంటు దరఖాస్తు పెట్టింది పోటీ కంపెనీ ఎంటీఎన్.

అందుకే 2008లో మకాటే వేసిన దావా పేటెంటు దావా కాదు, మాట తప్పారన్న దావా. అప్పటి సీఈఓ అలన్ నాట్-క్రెయిగ్ అయితే ఆ ఆలోచన తనదేనని ఆత్మకథలో రాసుకున్నారు. 2014లో హైకోర్టు దాన్ని నమ్మలేదు, ఆలోచన మకాటేదేనంది. అయినా కేసు కొట్టేసింది: మాటిచ్చే అధికారం గైస్లర్‌కు లేదట, పైగా మూడేళ్ల కాలపరిమితి దాటిపోయిందట. 2016 ఏప్రిల్‌లో ఆ దేశపు అత్యున్నత కోర్టయిన రాజ్యాంగ న్యాయస్థానం ఈ రెంటినీ తోసిపుచ్చి, నిజాయితీగా బేరమాడుకోండి, కుదరకపోతే సీఈఓ తేల్చాలి అంది. సరిగ్గా గైస్లర్ చెప్పినట్టే. దీంతో బాకీ ఎంతో తేల్చే పని బాకీదారుకే దక్కింది.

సీఈఓ షమీల్ జూసబ్ 2019లో 4.7 కోట్ల రాండ్లన్నారు (రాండ్ అంటే అక్కడి కరెన్సీ). మకాటే ఒప్పుకోలేదు. 2024 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానానికి ఒక మెట్టు కింద ఉండే సుప్రీం అప్పీలు కోర్టు ఆ సర్వీసు ఆదాయంలో 5 నుంచి 7.5 శాతం ఇమ్మంది. లెక్క వందల కోట్లు కాదు, వేల కోట్ల రాండ్లకు పోతుందని వోడాకామ్ మళ్లీ పైకి వెళ్లింది. 2025 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును రద్దుచేసి, కొత్త ధర్మాసనం మళ్లీ వినాలంది. ఆ విచారణ మొదలు కాకముందే, నవంబరులో, ఇరుపక్షాలూ బయట రాజీపడ్డాయి. ఎంతకన్నది వోడాకామ్ తన ప్రకటనలో చెప్పలేదు.