మంచి ఏరియా అంటే ఏది? గోదావరి జిల్లాల్లో స్థలం కొనేవాళ్ళ అపోహలు - వాస్తవాలు

బ్యాంకు లోన్ల కోసం ఇళ్ళకూ స్థలాలకూ విలువ కట్టడం నా వృత్తి. ఆ పని మీద రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం తిరుగుతుంటాను. కొనబోయేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది కొలతల గురించో దస్తావేజుల గురించో కాదు. "మంచి ఏరియాయేనాండీ?" అంటారు. నలుగురిలో చెప్పుకోదగ్గ చోటేనా అని వాళ్ళ ఉద్దేశం. అందులో తప్పేమీ లేదు. జన్మంతా కూడబెట్టింది పెట్టి కొంటున్నప్పుడు పేరున్న చోట కొనాలనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ పేరు ఎక్కడినుంచి వస్తుందన్న విషయంలో చాలా అపోహలు నడుస్తున్నాయి. వాటిని నమ్మి నష్టపోతున్న కుటుంబాలను చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

అపోహ: పెద్దవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటే ఏరియాకు పేరొస్తుంది.

వాస్తవం: చాలా చోట్ల జరిగింది దీనికి తలకిందులుగా. కాకినాడలో రామారావుపేట, సూర్యారావుపేట, గాంధీనగర్ ఒకసారి నడిచి చూడండి. నిలువు వీధులూ అడ్డ వీధులూ తిన్నగా ఉంటాయి, ఒక వీధి మొదట్లో నిలబడితే చివర కనిపిస్తుంది. నేల చవగ్గా దొరికిన రోజుల్లో రోడ్లకు ధారాళంగా వదిలారు. గాంధీనగర్‌లో పార్కుకు చోటు మిగిల్చారు. అక్కడ ముందు వీధి ఏర్పడింది, తర్వాతే దాన్ని చూసి లాయర్లూ డాక్టర్లూ వ్యాపారస్తులూ చేరారు. ఇల్లు నచ్చకపోతే పడగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. గుమ్మం ముందున్న ఇరవై అడుగుల రోడ్డును నలభై చేయాలంటే మాత్రం అటూ ఇటూ ఉన్న ప్రతి ఇల్లూ వెనక్కి జరగాలి. అది జరిగే పని కాదు. అందుకే విలువ కట్టేటప్పుడు నేను గేటు లోపలికి వెళ్ళేముందు రోడ్డు వెడల్పు కొలుస్తాను.

అపోహ: పల్లమైతే ఏముంది, మట్టి తోలించుకుంటే సరి.

వాస్తవం: డెల్టాలో పరువైన చోటుకూ మిగతా చోటుకూ ఉన్న అసలు తేడా ఇక్కడే తేలుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత ఈ ప్రాంతమంతా కాలువలతో, బోదెలతో అల్లుకుపోయింది. ఒక బోదె చేలోకి నీళ్ళు తెస్తుంది, ఇంకో బోదె మురుగు తీసుకుపోతుంది. చిన్న మురుగు బోదె పెద్ద డ్రెయిన్‌లో, పెద్ద డ్రెయిన్ సముద్రంలోనో ఉప్పుటేరులోనో కలవాలి. మనది వాలు బాగా తక్కువైన నేల. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లు లాగవు. వాయుగుండం వాన, పోటు ఒకేసారి వచ్చాయంటే పై నీరు ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది.

ఇప్పుడు ఒక వరి చేను లేఅవుట్ అవుతుంది. లారీలతో గ్రావెల్ తోలి నాలుగడుగులు లేపుతారు. పనిలో పనిగా చేలో ఉన్న మురుగు బోదెను కూడా పూడ్చేస్తారు, ఎందుకంటే దాని మీద రెండు ప్లాట్లు లేస్తాయి. మీ ప్లాటు మెరకే, కాదనను. కానీ ఎగువ చేల నీళ్ళు ఇప్పుడు ఎటు పోవాలి? మీ రోడ్డు మీదికే వస్తాయి. ఇంట్లోకి నీళ్ళు రావు, మీరు మాత్రం వారం రోజులు మోకాలి లోతు నీళ్ళలో బయటికి రావాలి. ఎంత ఖరీదైన ఇల్లు కట్టినా, నీళ్ళలో పడి వచ్చిన చుట్టాలు ఊరంతా చెప్పేది ఆ నీళ్ళ గురించే.

రెండో సంగతి, తోలిన మట్టి. పొరలు పొరలుగా పరిచి, తడిపి, రోలర్ తిప్పితేనే అది గట్టిపడుతుంది. కుప్పలు పోసి పైన చదును చేస్తే ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. దాని కింద ఉన్నది నల్ల రేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు ఇలాంటి చోట మామూలు పునాదితో సరిపెట్టుకోకుండా మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) దింపమంటారు. ఆ ఖర్చు గజం రేటులో కనపడదు. పక్క వీధి కంటే చవగ్గా వచ్చిందని మురిసిపోయినవాళ్ళు ఆ తేడా అంతా పునాదిలో పోస్తారు.

పాత పేటలకూ ఈ బాధ తప్పడం లేదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తారు. కొన్నేళ్ళకు ఇంకో పొర. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇల్లు ఇప్పుడు రోడ్డుకంటే పల్లంలో పడిపోతుంది. జాకీలు పెట్టి ఇల్లు లేపించుకుంటున్నవాళ్ళున్నారు. ఒక ఏరియా పేరు నెమ్మదిగా పోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పాత పొర తీసి కొత్తది వేయమని వార్డులో అందరూ కలిసి అడగాలి.

అపోహ: గోదావరికి వరదొస్తే నదికి దగ్గరున్న ఏరియాలన్నీ మునుగుతాయి, దూరమైతే భయం లేదు.

వాస్తవం: 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 2022లో ఎక్కువగా అల్లాడింది ఏటిగట్లకు లోపల ఉన్న లంకలు. గట్టు గట్టిగా ఉన్నంతకాలం బయటి ఊళ్ళను అది కాపాడుతుంది. ఆ ఊళ్ళ వీధుల్లో నీళ్ళు నిలబడేది ఎక్కువగా వానవల్ల, పూడిపోయిన డ్రెయిన్లవల్ల. ఏటికి పది మైళ్ళ దూరంలో ఉండి మునిగే కాలనీలున్నాయి. దూరం కాకుండా మురుగు దారి అడగండి.

అపోహ: చుట్టూ గోడ, ముందు ఆర్చి, సెక్యూరిటీ ఉంటే అదే పోష్ ఏరియా.

వాస్తవం: ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లనూ ఖాళీ స్థలాలనూ గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. అంటే అవి ప్రజలవి. ఆర్చి కట్టి వాచ్‌మన్‌ను కూర్చోబెట్టినంత మాత్రాన ఆ రోడ్డు మీ సొంతం కాదు. పార్కు కోసం వదలాల్సిన పది శాతం స్థలం కాగితం మీద ఉండి, నేల మీద గుడో, సెల్ టవరో, కబ్జా షెడ్డో ఉన్న కాలనీలు కొల్లలు. పిల్లలు సాయంత్రం ఆడుకోవడానికి ఆ స్థలం మిగిలిందా లేదా అన్నది ఆర్చి కంటే ముఖ్యం. 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి. అది అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: రేటు ఎక్కువంటే ఏరియా గొప్పది.

వాస్తవం: చెప్పే రేటు వేరు, బేరం తెగే రేటు వేరు, రిజిస్ట్రేషన్ విలువ వేరు. ఊళ్ళో వినిపించేది మొదటిది. నేను ఆ చుట్టుపక్కల నిజంగా జరిగిన అమ్మకాల దస్తావేజులు తీసి చూస్తాను. కొన్ని కొత్త వెంచర్లలో అమ్మకాలు లెక్కకు చాలానే ఉంటాయి, కానీ ప్లాట్లు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారుతుంటాయే తప్ప ఇళ్ళు లేవవు. సర్కారు తుమ్మ పెరిగి ఉంటుంది. పాలవాడు రాడు, కిరాణా కొట్టు లేదు, రాత్రి ఎనిమిదికి ఆటో దొరకదు. అలాంటి చోట రేటు పెట్టుబడిదారుల ఆశను బట్టి ఉంటుంది. ఉండేవాళ్ళు లేని కాలనీకి పరువు అంటదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, తాళాలు పడిన ఇళ్ళతో నిండిన పాత వీధులకూ ఇదే వర్తిస్తుంది.

అపోహ: తూర్పు ముఖం ప్లాట్లుంటే విలువ.

వాస్తవం: తూర్పు, ఉత్తరం ముఖాలకు కొనేవాళ్ళు ఎక్కువ ఇస్తారు, నిజమే. అది ఆ ప్లాటుకు వచ్చే అదనం. కాలనీ మొత్తానికి దానితో ఏమీ రాదు.

అపోహ: ఆక్వా డబ్బు వచ్చిన చోట ఏరియా తప్పకుండా లేస్తుంది.

వాస్తవం: భీమవరం చుట్టుపక్కల చేపలు, రొయ్యల డబ్బుతో మంచి ఇళ్ళు లేచాయి. కానీ చెరువును ఆనుకుని ఉన్న స్థలం సంగతి వేరు. ఉప్పునీటి చెరువుల పక్కన ఊట వల్ల బోరు నీళ్ళు ఉప్పుదేలతాయి, గోడలు అడుగునుంచి చెమ్మ పట్టి సున్నం రాలుతుంది, కమ్మీ తుప్పు పడుతుంది. మేడ మీద నుంచి చూస్తే నీళ్ళు అందంగానే కనిపిస్తాయి. ఆ ఇంటికి బోరు నీళ్ళ పరీక్ష రిపోర్టు చూడకుండా నేను విలువ రాయను. మంచినీళ్ళ విషయం కూడా అంతే. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. అప్పుడు ఊరంతా మునిసిపాలిటీ మంచినీళ్ళ చెరువు మీదే ఆధారపడుతుంది. మే నెలలో కుళాయి ఎన్నిరోజులకోసారి వస్తుందో అక్కడ ఉంటున్న ఆడవాళ్ళను అడగండి. బ్రోచర్‌లో రాయనిది వాళ్ళు చెబుతారు.

అపోహ: "మనవాళ్ళే" ఉండే చోటైతే పరువు.

వాస్తవం: ఇది పైకి గట్టిగా అనరు, కానీ చాలామంది నన్ను చాటుగా అడుగుతారు. నేను జవాబు చెప్పను. కులం చూసి స్థలానికి విలువ కట్టడం అన్యాయం, నా రిపోర్టులో దానికి గడి లేదు. పైగా అనుభవం కూడా దానికి ఎదురే. కొనేవాళ్ళ వలయాన్ని ఒక కులానికి కుదించిన కాలనీలో అమ్మాల్సి వచ్చినప్పుడు ఇల్లు కదలదు. బ్యాంకు దృష్టిలో అది నష్టం.

అపోహ: కలెక్టరేట్ వస్తే ఆ వైపంతా పోష్ అవుతుంది.

వాస్తవం: 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అమలాపురం, భీమవరంలో ఈ మాట బాగా వినపడింది. ఆఫీసుల వల్ల అద్దె ఇళ్ళకూ జిరాక్స్ షాపులకూ గిరాకీ వస్తుంది. నివాసపు ప్రశాంతత మాత్రం తగ్గుతుంది. రాజమహేంద్రవరం దానవాయిపేట లాంటి పాత పేరున్న చోట ఆసుపత్రులు వచ్చాక గజం రేటు పెరిగింది. దాంతోపాటు హారన్లూ, పార్కింగ్ గొడవలూ పెరిగాయి. అక్కడ కొంటే క్లినిక్ కోసం కొనండి, నిద్ర కోసం కాదు.

కొనేముందు చేయదగ్గవి రెండు. పెద్ద వాన వెలిసిన మర్నాడు వెళ్ళి ఆ వీధిలో నడవండి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చివరిదాకా వెంబడించండి. తర్వాత స్థానిక సంస్థ ఆఫీసులో ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాను, గిఫ్ట్ డీడ్ నకళ్ళు తీసుకుని, పార్కూ డ్రెయినూ ప్లానులో ఉన్నచోటే నేల మీద ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఆ రెండూ కలవకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.