స్టాటిస్టిక్స్‌లో అమెరికా పీహెచ్‌డీ: అపోహలు - వాస్తవాలు

నేను అమెరికాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. పీహెచ్‌డీ అడ్మిషన్ల కమిటీలో కూర్చుని ఫైళ్లు చదవడం కూడా నా పనే. దసరా దాటిందంటే మన పిల్లల నుంచి మెయిళ్లు మొదలవుతాయి. వాటిలో చాలా భయాలు ఎమ్మెస్ అడ్మిషన్ల నుంచి అరువు తెచ్చుకున్నవి. ఎమ్మెస్‌కి ఫీజు విద్యార్థి కడతాడు. పీహెచ్‌డీకి మాత్రం మామూలుగా డిపార్ట్‌మెంటే ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి నాలుగైదేళ్లు పోషిస్తుంది. అందుకే మేం ప్రతి ఫైల్లో వెతికేది ఒక్కటే: మొదటి ఏడాది థియరీ కోర్సులూ, వాటి వెనకే వచ్చే క్వాలిఫైయింగ్ పరీక్షా (పాసైతేనే పీహెచ్‌డీలో కొనసాగనిచ్చేది) వీళ్లు గట్టెక్కగలరా?

అపోహ: జీఆర్‌ఈ ప్రవేశ పరీక్షలో లెక్కల భాగమైన క్వాంట్‌లో పూర్తి స్కోరు 170 వస్తే సీటు వచ్చినట్టే.

వాస్తవం: క్వాంట్‌లో ఉన్నవి ఇంటర్ దాటని లెక్కలు. భారత్, చైనాల నుంచి వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువభాగం ఆ దరిదాపుల్లోనే ఉంటాయి కాబట్టి దాంతో ఎవర్నీ వేరుచేయలేం. కొన్ని డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ అడగడమే మానేశాయి. జీఆర్‌ఈ వాళ్లే విడిగా పెట్టే మ్యాథమెటిక్స్ సబ్జెక్ట్ టెస్ట్ సంగతి వేరు, అది డిగ్రీ స్థాయి లెక్కలది. సుమారు 66 ప్రశ్నలు, అందులో సగం కాలిక్యులస్. ఐచ్ఛికం అన్నచోట కూడా, ఇక్కడివాళ్లు పేరు వినని కాలేజీలో చదివినవాళ్లకు అది బాగా పనికొస్తుంది. అది సెప్టెంబరు, అక్టోబరు, ఏప్రిల్ నెలల్లోనే ఉంటుంది. దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరులో కాబట్టి, అక్టోబరు తప్పితే ఆ ఏటికి తప్పినట్టే.

అపోహ: మార్కుల మెమో అప్‌లోడ్ చేస్తే చాలు, అన్నీ అందులోనే ఉంటాయి.

వాస్తవం: ఏముంటాయి? "మ్యాథమెటిక్స్ పేపర్-3: 87." అది రియల్ అనాలిసిసా (కాలిక్యులస్‌ను నిరూపణలతో చదివే పేపర్), ఘనజ్యామితా? ఆ మెమోలు చూస్తూ పెరిగిన నేనే ఒక్కోసారి తడుముకుంటాను. పక్కన కూర్చున్న అమెరికన్ ప్రొఫెసర్‌కి ఏం అర్థమవుతుంది? బీటెక్ వాళ్లది ఇంకా చిక్కు: ఎం-1, ఎం-2, ఎం-3. సూత్రాలు వాడి లెక్కలు చేయించారో, నిరూపణలు రాయించారో ఆ పేర్లు చెప్పవు. మాకు కావలసింది సరిగ్గా అదే.

అందుకని ఒక పేజీ విడిగా తయారుచేసి జతచేయండి. మెమోలో ఉన్న పేపర్ పేరు, అసలు అంశాలు (సీక్వెన్సులు, కంటిన్యుయిటీ, రీమాన్ ఇంటిగ్రల్...), వాడిన పుస్తకం, వచ్చిన మార్కులు. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పైన ఉండాలి. ఫారమ్ అడిగితే తప్ప శాతాన్ని మీ అంతట మీరు 4 పాయింట్ల జీపీఏకి మార్చకండి. ఇక్కడివాళ్ల కంటికి 72 శాతం అంటే అత్తెసరు మార్కులు. అదే "72 శాతం, యూనివర్సిటీలో రెండో ర్యాంకు" అని ఉంటే చూపు మారుతుంది.

అపోహ: ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ ఇచ్చిన లెటర్‌కి బరువెక్కువ.

వాస్తవం: "క్రమశిక్షణ గలవాడు, వినయవంతుడు, వేళకు క్లాసుకు వస్తాడు." ఇలాంటివి ప్రతి ఏడూ చదువుతాను. అది కాండక్ట్ సర్టిఫికెట్, రికమెండేషన్ కాదు. లెటర్‌తో పాటు మీ సార్ ఆన్‌లైన్లో చాలాచోట్ల ఒక పట్టిక కూడా నింపాలి: తాను చదువు చెప్పినవాళ్లలో మీరు పై 1 శాతంలో ఉన్నారా, 5లోనా, 10లోనా? మీకు ఒక్క క్లాసూ చెప్పని ప్రిన్సిపాల్ అక్కడ ఏ గడిలో టిక్ పెట్టినా విలువ లేదు.

ఇక మనకు బాగా తెలిసిన మాట: "నువ్వే రాసుకొచ్చేయమ్మా, సంతకం పెడతా." మూడు లెటర్లూ ఒకే చేతి రాత అయితే రెండో పేరాకే తెలిసిపోతుంది. సార్‌కి తీరిక లేదంటే లెటర్ రాసిపెట్టకండి, గుర్తుచేసే కాగితం ఇవ్వండి: ఆయన చెప్పిన ఏ కోర్సులో ఎన్ని మార్కులు, ప్రాజెక్టులో మీరు చేసిన భాగం ఏది, ఏ నిరూపణ మీద ఆయనతో వాదించారు. "ఎస్టిమేషన్ క్లాసులో నా నిరూపణలో ఒక షరతు తగ్గిందని పట్టుకుంది ఈ అమ్మాయే" అన్న ఒక్క వాక్యం పేజీడు పొగడ్తల కన్నా మేలు.

అపోహ: స్టాటిస్టిక్స్ డిగ్రీ ఉండాల్సిందే.

వాస్తవం: లెక్కలు గట్టిగా ఉంటే చాలు. ప్రపంచ ప్రసిద్ధ స్టాటిస్టిషియన్ సి.ఆర్. రావుగారు కూడా ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే చేశాకే కలకత్తా వెళ్లి స్టాటిస్టిక్స్ పట్టారు.

అపోహ: ముందే ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి ఒప్పించుకోవాలి.

వాస్తవం: ఇంజినీరింగ్ ల్యాబుల్లో అది నడుస్తుంది. అమెరికా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్లలో సాధారణంగా సీటు ఇచ్చేది కమిటీ. గైడ్‌ని ఎంచుకునేది చేరాక, ఒకటి రెండేళ్లకు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో మాత్రం చాలాచోట్ల ముందు గైడ్ దొరకాలి.

అపోహ: పేపర్లు, సర్టిఫికెట్లు ఎన్ని ఉంటే అంత మంచిది.

వాస్తవం: డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్లో పేపర్ వేస్తే ఉన్న పేరూ పోతుంది. డేటా సైన్స్ సర్టిఫికెట్లు వద్దనను, కానీ రియల్ అనాలిసిస్ లేని లోటును అవి పూడ్చవు.

అపోహ: ముందు ఎమ్మెస్‌కి వెళ్లి, అక్కడి నుంచి పీహెచ్‌డీకి మారడమే దారి.

వాస్తవం: అప్పుచేసి వెళ్లాల్సిన దారి అది. మాస్టర్స్ లేకుండా నేరుగా తీసుకునే డిపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. మూడేళ్ల బీఎస్సీని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. అలాంటప్పుడు ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చేసి రండి. ఖర్చు ఎంతో తక్కువ, పైగా థియరీ పునాది పడుతుంది.

డబ్బు గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. బయోస్టాటిస్టిక్స్‌లో (వైద్య, ఆరోగ్య రంగాల స్టాటిస్టిక్స్) ఎన్‌ఐహెచ్ అనే అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఇచ్చే ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మనకు దక్కేది ఎక్కువగా టీచింగ్ అసిస్టెంట్‌షిప్, క్లాసుల్లో సాయం చేసినందుకు ఇచ్చే స్టైపెండ్. అంటే అమెరికన్ డిగ్రీ పిల్లల ముందు నిలబడి మాట్లాడాలి. అందుకే ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్‌లో మొత్తం స్కోరు బాగున్నా, స్పీకింగ్ తక్కువైతే ఫైలు పక్కకు వెళ్లే ప్రమాదం ఉంది.

అపోహ: ఆఫర్ రాగానే ఒప్పుకోకపోతే చేజారిపోతుంది.

వాస్తవం: ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కన్నా ముందే జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదన్న ఒప్పందం మీద చాలా అమెరికా యూనివర్సిటీలు సంతకం చేశాయి. నింపాదిగా పోల్చుకోండి. వెళ్లనని తేల్చుకున్న చోటికి మాత్రం ఆ రోజే రాసేయండి. వెయిట్‌లిస్టులో ఉన్న ఇంకొకరికి మేం మెయిల్ పెట్టగలిగేది అప్పుడే.