రేసు కార్ల వైరింగ్ హార్నెస్: అపోహలు - వాస్తవాలు

మరమ్మతుకు వచ్చే రేసు కారు హార్నెస్‌లో (కారులోని విద్యుత్ తీగలన్నిటినీ కనెక్టర్లతో సహా కూర్చిన కట్టలో) లోపం తీగ మధ్యభాగంలో కనిపించడం అరుదు. తీగ కనెక్టరులోకి దిగే చోట, జాయింటు దగ్గర, లేదా బ్రాకెట్టు అంచుకు ఒరుసుకునే మలుపు దగ్గర అది బయటపడుతుంది. ఈ మూడు చోట్ల ఏం చేయాలో మొదటి తీగ కత్తిరించక ముందే, కాగితం మీదే తేలిపోవాలి. వర్క్‌షాపుల్లో నేటికీ బలంగా వినిపించే కొన్ని నమ్మకాలు ఈ విషయాన్ని మరుగుపరుస్తున్నాయి కనుక వాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: సోల్డరింగ్ చేసిన జాయింటే గట్టిది, క్రింపింగ్ తాత్కాలికం.

వీటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం. సోల్డరింగ్ అంటే కరిగించిన మెత్తని లోహంతో అతకడం, క్రింపింగ్ అంటే తీగ పోగులను పిన్ గొట్టంలో పెట్టి టూల్‌తో నొక్కి బిగించడం. సోల్డర్ చేసిన జాయింటును చేత్తో లాగి చూస్తే నిజంగానే గట్టిగా ఉంటుంది. కానీ ట్రాక్ మీద తీగ తట్టుకోవలసింది లాగుడును కాదు, ఎడతెగని కంపనాన్ని. విమానాల కోసం రూపొందించిన 22759/16 తరగతి తీగను తీసుకుంటే, 22 గేజిలో (గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) 19 సన్నని పోగులుంటాయి. అవి ఒకదానిపై ఒకటి కాస్త జరగగలగడం వల్లనే తీగ మళ్ళీ మళ్ళీ వంగినా తట్టుకుంటుంది. కరిగిన సోల్డర్ ఆ పోగుల సందుల్లోంచి ఇన్సులేషన్ కిందికి పాకి, గట్టిపడ్డాక ఆ కొద్ది భాగాన్నీ బిరుసైన కడ్డీగా మార్చేస్తుంది. కడ్డీ ముగిసి మెత్తని తీగ మొదలయ్యే హద్దులోనే వంపు ఒత్తిడంతా పడి, పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి. పైన ఇన్సులేషన్ చెక్కుచెదరదు కనుక కంటికి ఏమీ కనిపించదు. కారును నిలిపి మీటరు పెడితే మిగిలిన ఒకటి రెండు పోగులే కనెక్షన్ బాగానే ఉన్నట్టు చూపిస్తాయి.

సరైన క్రింపింగులో పిన్ గొట్టమూ పోగులూ కలిసి రూపు మారేంతగా నొక్కుకుపోయి, గాలి చొరబడే సందు మిగలని లోహ సంపర్కం ఏర్పడుతుంది. అయితే ఆ పిన్‌కూ ఆ గేజికీ నిర్దేశించిన టూల్ వాడినప్పుడే ఇది సాధ్యం. ప్లయర్‌తో నొక్కిన దానిని క్రింపింగ్ అనలేము. భద్రత కోసమని పోగులకు ముందుగా సోల్డర్ పట్టించి, ఆపైన క్రింప్ చేసేవారు కూడా ఉన్నారు. సోల్డర్ మెత్తని లోహం కావడంతో ఒత్తిడి కింద క్రమంగా జరిగిపోయి, జాయింటు వదులవుతుంది. నాసా 8739.4 ప్రమాణం ఈ పద్ధతిని నేరుగా నిషేధించింది. సోల్డరింగ్‌కు స్థానమే లేదని నేను అనడం లేదు. తీగ కదలకుండా ఆధారం ఇవ్వగలిగిన చోట అది పనికొస్తుంది. ఇంజను మీదుగా వెళ్ళే హార్నెస్‌లో అటువంటి చోటు దొరకడం కష్టం.

అపోహ: తీగ ఎంత లావుంటే అంత మంచిది.

లెక్క వేసి చూస్తే ఇది నిలవదు. 22 గేజి రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.053 ఓమ్. పది మిల్లీ ఆంపియర్లు తీసుకునే సెన్సారుకు నాలుగు మీటర్ల తీగ వేసినా పోయే వోల్టేజీ రెండు మిల్లీ వోల్టులకు కాస్త ఎక్కువ, అంతే. అదే 12 ఆంపియర్ల ఫ్యూయల్ పంపుకు నాలుగు మీటర్ల 20 గేజి తీగ వేస్తే, వెళ్ళే దారిలోనే 1.6 వోల్టులు పోతాయి. 14 గేజి వేస్తే 0.4 వోల్టులు. పంపుకు లావు తీగ అవసరం, సెన్సారుకు అనవసరం. పైగా కనెక్టరు వెనక ఉండే రబ్బరు సీలు కొన్ని మందాల తీగలనే బిగించి పట్టుకోగలదు కనుక, మరీ లావైన తీగ దూర్చితే సీలు చెడి నీరు లోపలికి దిగుతుంది. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి గనుక, దాని విలువను కూడా తీగ సామర్థ్యాన్ని బట్టే నిర్ణయించాలి.

అపోహ: ఖరీదైన సామగ్రి వాడితే అది రేసు హార్నెస్ అవుతుంది.

డాయిచ్ కంపెనీ ఆటోస్పోర్ట్ కనెక్టర్లు, తీగల కట్టపై తొడిగే డీఆర్-25 స్లీవు నిస్సందేహంగా గొప్ప వస్తువులే. క్లబ్ స్థాయి రేసులకు, ఫార్ములా భారత్ వంటి విద్యార్థి పోటీలకు మాత్రం అదే డాయిచ్ వారి సాధారణ రకమైన డీటీఎం కనెక్టర్లు చక్కగా సరిపోతాయి. వాటి 20 సైజు పిన్ 7.5 ఆంపియర్ల వరకు మోస్తుంది. మిగిలిన డబ్బును మంచి క్రింపింగ్ టూల్ మీద పెట్టడం మేలు.

తీగలను పొరలు పొరలుగా మెలితిప్పడం అందం కోసమేనన్న మాట కూడా వినిపిస్తుంది. మధ్యలో ఒకటి, దాని చుట్టూ ఆరు, ఆపైన పన్నెండు, ఒక్కో పొర ముందుదానికి ఎదురు దిశలో తిరుగుతుంది. నేరుగా పేర్చిన కట్టను వంచితే బయటి తీగలు సాగుతాయి, లోపలివి ముడుచుకుంటాయి. మెలితిప్పిన కట్టలో ప్రతి తీగా కొంతదూరం బయటి వైపు, కొంతదూరం లోపలి వైపు నడుస్తుంది కనుక ఆ ఒత్తిడి సమమవుతుంది.

అపోహ: దగ్గర్లో ఉన్న బోల్టుకు ఎర్త్ ఇస్తే చాలు.

హెడ్‌లైటుకు చాలవచ్చు, సెన్సారుకు చాలదు. ఇగ్నిషన్ కాయిళ్ళు, స్టార్టరు వాడే కరెంటు ఇంజను బ్లాకు గుండానే తిరిగి వెళుతుంది కాబట్టి, ఆ లోహంలో రెండు బిందువుల మధ్య వోల్టేజీ తేడా ఏర్పడుతుంది. ఐదు వోల్టుల సెన్సారుకు 50 మిల్లీ వోల్టుల తేడా అంటే ఒక శాతం తప్పు రీడింగు. అందుకే సెన్సార్ల ఎర్త్‌ను ఈసీయూలోని (ఇంజనును నియంత్రించే కంప్యూటర్‌లోని) ప్రత్యేక పిన్‌కే తీసుకువెళ్ళాలి. ఇంజను తిరుగుడును కొలిచే క్రాంక్ సెన్సారు తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగును (షీల్డును) ఈసీయూ వైపు మాత్రమే కలపాలి, రెండు చివర్లా కాదు.

అపోహ: కిల్ స్విచ్ బ్యాటరీని తెంచితే సరిపోతుంది.

కిల్ స్విచ్ అంటే ప్రమాదంలో కారు విద్యుత్తును తెంచే స్విచ్. ఇంజనుతో తిరుగుతూ విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరు బ్యాటరీ లేకపోయినా ఇంజనును నడిపించగలదు. లోడు మీద ఉన్నప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా తెగితే పుట్టే అధిక వోల్టేజీ ఈసీయూనే కాల్చవచ్చు. అంతర్జాతీయ మోటారు రేసుల సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధన ప్రకారం ఆ స్విచ్ అన్ని విద్యుత్ సర్క్యూట్లనూ తెంచడంతో పాటు ఇంజనును కూడా ఆపాలి. మంటలు లేచినప్పుడు మార్షల్ (ట్రాక్ పక్కన ఉండే భద్రతా సిబ్బంది) చేతిలో ఉండే సాధనం అదే. హార్నెస్ పూర్తయ్యాక కారును స్టార్టు చేసి, ఐడిలింగులోనే కాక 3000 ఆర్‌పీఎం వద్ద కూడా స్విచ్ తిప్పి, ఇంజను వెంటనే ఆగుతోందని చూసిన తరువాతే కారును అప్పగించాలి.