నరం అంటే ఏది? శరీర భాగాల పేర్ల వెనక కథ

వార్డులో సెలైన్ ఎక్కించబోతుంటే రోగి పక్కన కూర్చున్న ముసలమ్మ అంటుంది: "నరం దొరకట్లేదా అమ్మా? ఆ చేతికి చూడు తల్లీ." పక్కన నిలబడి చూస్తున్న నర్సింగ్ మొదటి సంవత్సరం అమ్మాయి తికమక పడుతుంది. ముందురోజు క్లాసులో ఆమెకు నరం అంటే నర్వ్, మెదడు సందేశాలు మోసే తీగ అని చెప్పారు. ఇప్పుడు సిస్టర్ సూది గుచ్చుతున్నది వెయిన్‌కి, అంటే రక్తనాళానికి. పాఠ్యపుస్తకంలో దాని పేరు సిర. ఇంటర్‌లో ఆమె చదువుకున్నది నాడీ వ్యవస్థ, అక్కడ నాడి అంటే మళ్లీ నర్వే. ఇంట్లో తాతయ్య మాత్రం "నాడి పట్టి చూడు" అంటాడు. అంటే పల్స్, అది కొట్టుకునేది ధమనిలో.

నరం, నాడి. రెండే మాటలు, మూడు అవయవాలు. ఆరోగ్య కోర్సుల్లో చేరిన తెలుగు మీడియం పిల్లలు మొదటి ఆరు నెలలూ పడే టెన్షన్‌లో పెద్ద భాగం ఇదే. తమకు బుర్ర లేదనుకుంటారు. ఆ గందరగోళం వాళ్లది కాదు. రెండువేల ఏళ్లకు పైగా ఆ మాటల్లోనే ఉంది.

గ్రీకులకూ ఇదే ఇబ్బంది వచ్చింది. వాళ్ల భాషలో న్యూరాన్ అంటే మొదట స్నాయువు, కండను ఎముకకు కట్టిపడేసే గట్టి తాడులాంటిది. తెల్లగా, సన్నగా, పొడుగ్గా కనిపించే నర్వ్‌ని కూడా వాళ్లు అదే పేరుతో పిలిచారు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అనే గ్రీకు వైద్యులు మనిషి శరీరాలను కోసి చూశాకే నర్వ్‌లు వేరు, అవి మెదడుకూ వెన్నుపాముకూ కలుస్తాయి అన్నది తేలింది. పాత అర్థం మాత్రం ఒకచోట మిగిలిపోయింది. అపోన్యూరోసిస్ అనే పేరు చూసి పిల్లలు అదేదో నర్వ్‌కి సంబంధించిందనుకుంటారు. నిజానికి అది రేకులా పరుచుకున్న స్నాయువు. మన ఊళ్లో "నరం పట్టేసింది" అని పిక్క పట్టుకునే మనిషి, ఆ పాత గ్రీకు మనిషి చూసినట్టే చూస్తున్నాడు: చర్మం కింద తాడులా తగిలేదంతా నరమే.

ఆర్టరీ, అంటే మన ధమని, దాని కథ ఇంకా విచిత్రం. చనిపోయిన శరీరంలో ఆర్టరీలు చాలావరకు ఖాళీగా కనిపిస్తాయి, రక్తం వెయిన్లలోకి చేరిపోతుంది. దాంతో ఎరాసిస్ట్రాటస్ లాంటివాళ్లు ఆర్టరీల్లో ఉండేది గాలి అనుకున్నారు. గొంతులోని గాలిగొట్టాన్ని కూడా ఆర్టరీ అనే అన్నారు, కాకపోతే చేతికి గరుకుగా తగులుతుంది కాబట్టి "గరుకు ఆర్టరీ" అన్నారు. కాలక్రమంలో ఆర్టరీ అనే మాట రాలిపోయి "గరుకు" అనేది ఒక్కటే మిగిలింది. అదే ఇవాళ్టి ట్రాకియా.

మన వైపు చూడండి. ధమని అన్న మాటకు మూలం ధ్మా ధాతువు, ఊదడం దాని అర్థం. సిర అంటే ప్రవహించేది అని చరక సంహితే చెబుతుంది. ఇటు సంస్కృతం, అటు గ్రీకు, రెండూ ఒకే గొట్టాన్ని గాలితో ముడిపెట్టాయి. నాకైతే ఇది తెలిసిన రోజు నుంచి ధమనిని, సిరను తారుమారు చేసే అవసరమే రాలేదు. కొట్టుకుంటూ ఊదేది ధమని, మెల్లగా పారేది సిర.

ఆర్టరీలో ఉండేది రక్తమేనని 2వ శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు చూపించాడు. కానీ రోమ్‌లో మనిషి శవాన్ని కోయడానికి వీల్లేక కోతుల్ని, ఇతర జంతువుల్ని కోసి, అదే మనిషికీ వర్తిస్తుందని రాశాడు. దాదాపు 1,300 ఏళ్లు అందరూ అదే చదివారు. 1543లో వెసాలియస్ అనే శరీరశాస్త్రవేత్త స్వయంగా శవాలు కోసి, మనిషి కింది దవడ రెండెముకలు కాదు, ఒకటేనని చూపించాల్సి వచ్చింది. రక్తం ఒంట్లో చుట్టు తిరుగుతుందని ఇంగ్లండ్ వైద్యుడు హార్వీ రాసింది 1628లో.

ఈ మధ్యలో అరబ్బులు ఉన్నారు. వాళ్ల పాత్రను మన పాఠాల్లో ఎవరూ చెప్పరు, చెప్పాలి. మెదడు మీది పొరలను అరబ్బీ వైద్యులు తల్లి అనే మాటతో పిలిచారు. 12వ శతాబ్దంలో ఆ పుస్తకాలను లాటిన్‌లోకి మార్చినవాళ్లు తల్లిని తల్లిగానే ఉంచారు. డ్యూరా మేటర్ అంటే గట్టి తల్లి. పయా మేటర్ అంటే మెత్తని తల్లి అనబోయి, లాటిన్‌లో భక్తిగల తల్లి అనేశారు. బిడ్డను పొదివి పట్టుకున్నట్టు మెదడును కప్పి ఉంచే పొర అని ఒక్కసారి చెబితే ఏ పిల్ల మర్చిపోతుంది?

ఇలా పలు భాషల్లోంచి, వందలమంది చేతుల మీదుగా వచ్చిన పేర్లు 19వ శతాబ్దం చివరికి దాదాపు 50,000 అయ్యాయి. నిజంగా ఉన్న భాగాలు ఇంచుమించు 5,000. 1895లో బాసెల్ నగరంలో శాస్త్రజ్ఞులు కూర్చుని ఒక్కో భాగానికి ఒక్కో లాటిన్ పేరు ఖాయం చేశారు. తర్వాతా మార్పులు జరుగుతూనే ఉన్నాయి. 1998 అంతర్జాతీయ జాబితాలో పెరోనియల్ నర్వ్‌కి ఫిబ్యులర్ అన్న పేరు ముందుకొచ్చింది. మోకాలి కింద ఉండే పెరోనియల్‌కీ, తొడల మధ్య ఉండే పెరినియల్‌కీ వినడంలో తేడా అంతంతమాత్రమే మరి.

మన దేశంలో ఈ పేర్లు పిల్లలకు దూరమవడానికి ఇంకో కారణం ఉంది. 1822లో కలకత్తాలో పెట్టిన నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్‌లో దేశభాషల్లోనే పాఠాలు చెప్పేవారు. దాన్ని నడిపిన పీటర్ బ్రెటన్ 1825లో శరీర భాగాల పేర్లను ఇంగ్లిష్, అరబ్బీ, పారశీకం, హిందీ, సంస్కృతాల్లో పక్కపక్కన పెట్టి ఒక పదకోశం అచ్చువేశాడు. సరిగ్గా ఇవాళ మన పిల్లలకు కావలసిన పుస్తకం అది. 1835 జనవరి 28న గవర్నర్ జనరల్ బెంటింక్ ఉత్తర్వుతో ఆ సంస్థ మూతపడింది. దాని స్థానంలో ఇంగ్లిష్‌లో బోధించే కలకత్తా మెడికల్ కాలేజీ వచ్చింది. మరుసటి ఏడాది అక్కడ శవాన్ని కోసి పేరుపొందిన మధుసూదన్ గుప్తా అంతకుముందు ఒక ఇంగ్లిష్ అనాటమీ పుస్తకాన్ని సంస్కృతంలోకి అనువదించినవాడు. రెండు భాషల్లోనూ శరీరం తెలిసిన మనిషి. అలాంటివాళ్లకు ఆ తర్వాత చోటు తగ్గిపోయింది.

హైదరాబాదు దారి వేరు. 1846లో ఇక్కడ మొదలైన వైద్య పాఠశాలలో ఉర్దూలో చెప్పేవారు. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన అనువాద విభాగం శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది, ఎంబీబీఎస్ కూడా ఆ భాషలో నడిచింది. సంస్థానం భారత్‌లో కలిశాక అది ఇంగ్లిష్‌కి మారింది.

తెలుగుకు అలాంటి ప్రయత్నం 1968లో తెలుగు అకాడమీతో వచ్చింది. ఇంటర్, డిగ్రీ పుస్తకాలకు పేర్లు కావాలి కాబట్టి సంస్కృతం మీద ఆధారపడ్డారు. మూత్రపిండం, వాయునాళం బాగా నాటుకున్నాయి. థైరాయిడ్‌కి అవటు గ్రంథి అన్నది మాత్రం పరీక్ష రాసేవరకే. అకాడమీ కృషి చిన్నదని నేననను. కానీ అప్పటికే మన నోట ఉన్న చీలమండ, పిక్క, మడమ, జబ్బ, కణత, మాడు, కొండనాలుక లాంటి చక్కటి మాటలకు పాఠంలో తగినంత చోటు దొరకలేదని నా బాధ. లాటిన్‌లో పటెల్లా అంటే చిన్న పళ్లెం. మనం ఎవరినీ అడక్కుండానే మోకాలి చిప్ప అన్నాం. కొండనాలుకను వాళ్లు చిన్న ద్రాక్షపండుతో పోల్చి యువులా అన్నారు. పసిబిడ్డ మాడు ఊటలా కదలడం చూసి ఫాంటనెల్, అంటే చిన్న ఊట, అన్నారు.

ఇప్పుడు నీట్ తెలుగులో రాయొచ్చు, 2017 నుంచి ఆ వీలుంది. సీటు వచ్చాక మొదటిరోజు నుంచి ఇంగ్లిషే. 2022 అక్టోబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం పుస్తకాలు హిందీలో తెచ్చినప్పుడు సాంకేతిక పదాలను చాలావరకు ఇంగ్లిష్‌వే ఉంచి, దేవనాగరిలో రాశారు. కొత్త పేర్లు పుట్టించకపోవడం తెలివైన పనే. లిపి మార్చితే మాత్రం సరిపోదు. ఒక నర్సింగ్ విద్యార్థిని నోట్సు తిరగేస్తుంటే చిన్నపేగు పాఠంలో ఒకసారి, తుంటి ఎముక పాఠంలో ఒకసారి "ఇలియం" అని కనిపించింది. ఇంగ్లిష్‌లో వాటి మధ్య ఒక్క అక్షరం తేడా ఉంటుంది, తెలుగులో రాస్తే అదీ పోతుంది. ఆమె రెండో దాని పక్కన చిన్నగా "ఎముక" అని పెన్సిల్‌తో రాసుకుంది. పేగు దగ్గర ఏమీ రాయలేదు. ఆ ఖాళీలో "పేగు" అని నేను రాసిచ్చాను.